అండమాన్‌లో గైడుతో కాయాక్ యాత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోనులోనూ జెట్టీ దగ్గరా మమ్మల్ని ఎక్కువమంది అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి ఒక్క మాటలో జవాబు ఉంది, కొన్నిటికి లేదు. అన్నీ చదివే తీరిక లేకపోతే ఈత, మొసళ్లు, బయలుదేరే వేళ గురించిన జవాబులైనా డబ్బు కట్టే ముందు చదవండి.

పేర్ల గురించి ముందుగా ఒక మాట. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని, నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. ఓడ టికెట్టు మీద కొత్త పేరు చూసి కంగారు పడకండి. జనం నోట ఇంకా పాత పేర్లే ఉన్నాయి కాబట్టి ఇక్కడ అవే రాశాం.

కాయాక్ అంటే ఏమిటి? మామూలు పడవకూ దానికీ తేడా ఏమిటి?

కాయాక్ సన్నగా పొడవుగా ఉండే తేలిక పడవ. రెండు చివర్లా రెక్కలున్న తెడ్డుతో కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి వేస్తూ నడుపుతారు. ఉత్తర ధ్రువ ప్రాంతపు వేటగాళ్లు సీలు చర్మంతో చేసుకున్న పడవ నుంచి ఇది వచ్చింది. ఇప్పుడు ప్లాస్టిక్కుతోనో ఫైబర్‌తోనో చేస్తున్నారు. మామూలు పడవలో కూర్చుంటే నీరు ఎక్కడో కింద ఉంటుంది. కాయాక్‌లో మీరు దాదాపు నీటిమట్టం మీదే కూర్చుంటారు. ఇంజను చప్పుడు లేదు, డీజిల్ వాసన లేదు, అలజడి లేదు. అందుకే కొంగ ఎగిరిపోకుండా మీ పక్కనే నిలబడి ఉంటుంది.

కొత్తవారికి పైన కూర్చునే రకం ఇస్తాం. లోపల కాళ్లు చాపుకుని కూర్చునే పొడవాటి సముద్రపు కాయాక్‌ను పూర్తి రోజు యాత్రలకూ, ఇదివరకు కొంత అలవాటున్నవారికీ ఇస్తాం.

ఎక్కడెక్కడికి తీసుకువెళ్తారు?

ఎక్కువ యాత్రలు హేవ్‌లాక్ ఉత్తర తీరంలో, జెట్టీకి చేరువగా ఉన్న మడ అడవుల్లో జరుగుతాయి. పోర్ట్ బ్లెయిర్ దాటి బయటికి వెళ్లే వీలు లేనివారిని షోల్ బే వైపు మడ పాయల్లోకి తీసుకువెళ్తాం. అలవాటు పడినవారిని, గాలి నెమ్మదిగా ఉన్న రోజుల్లో, హేవ్‌లాక్ తీరం వెంబడి తెరిచిన సముద్రంలోకి తీసుకువెళ్తాం.

హేవ్‌లాక్, నీల్ దీవులు రిచీ ద్వీపసమూహంలోవి. ఆ గుంపులో జనం లేని దీవులు కొన్నిటిని కలిపి 1996లో రాణి ఝాన్సీ సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. మ్యాపులో చూసి "ఎదురుగానే ఉంది కదా, అటు వెళ్దాం" అంటారు చాలామంది. అటవీ శాఖ అనుమతి లేకుండా ఆ దీవుల ఒడ్డున కాలు పెట్టకూడదు. దీవికీ దీవికీ మధ్య ఉన్న నీరు దూరం నుంచి చెరువులా కనిపించినా, పోటు, పాటుల నడిమి గంటల్లో (సముద్రం పొంగితే పోటు, తీస్తే పాటు) అందులో ప్రవాహం ఏటిలా పరుగెడుతుంది.

నాకు ఈత రాదు. రావచ్చా?

రావచ్చు. మా దగ్గరికి వచ్చేవారిలో ఈత రానివారు ఎందరో ఉన్నారు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ పడవ ఎక్కరు, ఈత వచ్చినవారైనా సరే. కానీ ఈత రాదన్న సంగతి దాచకండి. పక్కనున్నవాళ్లు నవ్వుతారని కొందరు "కొంచెం వచ్చు" అంటారు. ఆ ఒక్క మాట వల్ల మేము మీకు ఇచ్చే పడవ, మీ పక్కన ఉండే గైడు, వెళ్లే దారి అన్నీ మారిపోతాయి. అందరి ముందూ చెప్పడం ఇష్టం లేకపోతే ఫోనులో ముందే చెప్పండి.

జాకెట్ సరిపోయిందో లేదో మీరే చూసుకోవచ్చు. పట్టీలన్నీ బిగించాక, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి. జాకెట్ చెవుల దాకా లేస్తే అది మీకు వదులు. ఇంకోటి అడగండి, మొహమాటపడకండి.

నీళ్లంటే భయం వేరు, ఈత రాకపోవడం వేరు. మోకాలి లోతు నీటికే గుండె దడదడలాడేవారు ఉంటారు. వారిని ముందు ఒడ్డు పక్కనే పావుగంట తిప్పుతాం. అప్పటికీ భయం తగ్గకపోతే బలవంతం చేయం, మీ ఇంటివాళ్లనూ చేయనివ్వం.

పడవ బోల్తా పడితే?

మడ పాయల్లో అది చాలా అరుదు. పడేది ఎక్కువగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, అదీ మోకాలి లోతులోనే. అయినా పడ్డాక ఏం చేయాలో తెలిసినవారికే పడతామన్న భయం పోతుంది. అందుకే బయలుదేరే ముందు ఒడ్డు దగ్గర ప్రతి ఒక్కరి చేతా ఒకసారి చేయిస్తాం.

పైన కూర్చునే కాయాక్ అయితే పద్ధతి ఇది. ముందు తెడ్డును వదలకండి. పడవను పట్టుకోండి. ఒడ్డు దగ్గరగా కనిపించినా పడవను వదిలి ఈదుతూ వెళ్లకండి, దూరం నుంచి కనిపించేది పడవే, తల కాదు. బోర్లాపడిన పడవను గైడు తిప్పి నిలిపాక, నడిమి భాగం దగ్గరికి వచ్చి కాళ్లు నీటిలో ఆడిస్తూ శరీరాన్ని పడవకు అడ్డంగా పైకి జరపండి. ముందు పొట్ట, తర్వాత పిర్రలు, చివరికి కాళ్లు, ఈ వరుస గుర్తుంచుకోండి. తొందరపడి ముందే మోకాలు ఎత్తితే పడవ మళ్లీ తిరగబడుతుంది. రెండోసారికి అందరికీ వచ్చేస్తుంది.

లోపల కూర్చునే రకంలో పడవలోకి నీరు చేరుతుంది. గైడు తన కాయాక్‌ను మీ పడవ కొనకు అడ్డంగా తెచ్చి, ఆ కొనను తన పడవ మీదికి ఎత్తి నీరు వంపేస్తాడు. తర్వాత రెండు పడవలనూ పక్కపక్కన పట్టుకుని మిమ్మల్ని ఎక్కిస్తాడు. చెప్పడానికి ఎంత సేపో చేయడానికీ అంతే.

మొసళ్లు ఉన్నాయని విన్నాం. నిజమేనా?

నిజమే. అండమాన్ మడ అడవుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. మగ మొసలి 5 మీటర్లకు మించి పెరుగుతుంది. 2010 ఏప్రిల్‌లో హేవ్‌లాక్‌లోనే, రాధానగర్ తీరానికి దగ్గరలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి పీలుస్తూ ఈదడం) చేస్తున్న అమెరికా పర్యాటకురాలు ఒకరు మొసలి దాడిలో మరణించారు. ఈ సంగతి చెబితే వ్యాపారం పోతుందని దాచేవాళ్లుంటే వారితో నీటిలోకి వెళ్లకండి.

మేము చేసేది ఇది. మొసలి కనిపించిందని అటవీ శాఖ హెచ్చరించిన చోటికీ, జాలర్లు చెప్పిన పాయకూ ఆ రోజుల్లో వెళ్లం. బయలుదేరే ముందు జెట్టీ దగ్గరి జాలరులను ప్రతిరోజూ అడుగుతాం. ఏ బోర్డు కన్నా ఆ వార్త ముందు అందుతుంది. తెల్లవారీ తెల్లవారని వేళా, మునిమాపు వేళా సన్నటి పాయల్లోకి వెళ్లం. మడ పాయల్లో ఎవరూ నీటిలోకి దిగరు, చేతులూ కాళ్లూ నీటిలో వేలాడేయరు. చేపలు శుభ్రం చేసే చోట్ల ఆగం, తిండి మిగులు నీటిలో వేయం.

ఏ ప్రమాదమూ లేదని మాత్రం మాట ఇవ్వలేం. ఆ నీరు మొసళ్ల ఇల్లు. వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇచ్చిన రక్షణ సబబైనదేనని మా నమ్మకం.

పాములు, జెల్లీ చేపలు?

నలుపు, తెలుపు పట్టీలున్న సముద్రపు పాము అప్పుడప్పుడు రాళ్ల మీద ఎండలో కనిపిస్తుంది. విషం బలమైనదే కానీ, ముట్టుకోనంత కాలం అది మిమ్మల్ని పట్టించుకోదు. జెల్లీ చేపలు కొన్ని కాలాల్లో ఎక్కువగా వస్తాయి. కుట్టకుండా నిండు చేతుల చొక్కా సాయపడుతుంది. గైడు సంచిలో వెనిగర్ సీసా ఉంటుంది. నిజం చెప్పాలంటే మా అతిథులను ఎక్కువగా బాధపెట్టేవి ఒడ్డున ఇసుకలో ఉండే నుసుములంత చిన్న ఈగలు. కుట్టినప్పుడు తెలియదు, మర్నాటికి దద్దుర్లు. గోకితే పుండవుతుంది. కొబ్బరినూనె ఒంటికి దట్టంగా రాసుకుని రండి.

బయలుదేరే సమయం ముందే ఎందుకు చెప్పరు? ఒకరోజు ఆరింటికి, ఇంకోరోజు పదింటికి అంటారేమిటి?

మమ్మల్ని ఎక్కువగా విసుక్కునేది దీని మీదే. అందుకే వివరంగా చెబుతాం.

మడ పాయలోకి పడవ వెళ్లాలంటే పోటు ఉండాలి. పాటు వేళ అదే పాయ బురద గుంటగా మారిపోతుంది. హేవ్‌లాక్ తూర్పు తీరంలో పాటు సమయానికి వచ్చి చూస్తే, ఉదయం మీరు స్నానం చేసిన చోట వందల అడుగుల దూరం రాళ్లు, చచ్చిన పగడాలు తేలి ఉంటాయి. అక్కడ కాయాక్‌ను మోసుకెళ్లాలే తప్ప నడపలేం.

ఇక్కడ రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పోటు వేళ ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. మన పాత లెక్కలో చెప్పాలంటే రెండు ఘడియలు. ఈ రోజు ఏడింటికి పోటు వస్తే నాలుగు రోజుల తర్వాత పదింటి తర్వాతే. అది చంద్రుడి లెక్క, మా చేతిలో లేదు.

పోటు ఎత్తు కూడా రోజూ ఒకేలా ఉండదు. అమావాస్య, పున్నమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా పొంగి బాగా తీస్తుంది. పోటుకూ పాటుకూ తేడా 2 మీటర్ల వరకు ఉంటుంది. అష్టమి దాటాక ఆ తేడా బాగా తగ్గి నీరు నెమ్మదిగా కదులుతుంది. మా నాన్న పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో వల వేసేవారు. గోడకు తెలుగు క్యాలెండరు ఒకటి వేలాడుతూ ఉండేది. పండుగల కోసం దాన్ని అమ్మ చూసేది, తిథి కోసం నాన్న చూసేవారు. "ఈరోజు తదియ, నీటికి బలం ఉంటుంది, పాయ మొదట్లోనే ఉండు" అనేవారు. ఇప్పుడు నేను పోటు పట్టిక ఫోనులో చూస్తాను. అది కూడా ఆ మాటే చెబుతుంది, గంటలూ నిమిషాలూ కలిపి.

ఇంకొక లెక్క కూడా ఉంది. పోటు ఎక్కడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది, కానీ నీరు ఆరు గంటలూ ఒకే వేగంతో రాదు. మొత్తం పన్నెండు వంతులనుకుంటే మొదటి గంటలో ఒక వంతు, రెండో గంటలో రెండు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో రెండు, చివరి గంటలో ఒకటి. అంటే సగం నీరు నడిమి రెండు గంటల్లోనే వస్తుంది. పాయ ముఖద్వారం దగ్గర ప్రవాహం గట్టిగా ఉండేది అప్పుడే. మేము పోటు చివరి గంటన్నరలో నీటితోపాటు లోపలికి వెళ్లి, నీరు నిలిచినప్పుడు అడవి మధ్యలో ఉండి, పాటు మొదలవుతుండగా దానితోపాటు బయటికి వస్తాం. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ సముద్రమే సగం తెడ్డు వేస్తుంది. ఈ వేళ అరగంట తప్పితే అదే దారి రెట్టింపు కష్టం.

కాబట్టి మీ విమానం, ఓడ టికెట్లు తీసుకున్నాక తేదీ చెప్పండి. ఆ తేదీకి ఏ గంట అనేది మీరు అడిగిన రోజే చెబుతాం. "మధ్యాహ్నం రెండింటికే కావాలి" అంటే ఆ రోజు నీరు ఉందో లేదో చూసి చెబుతాం, లేకపోతే తేదీ మార్చుకోమంటాం.

ఏ నెలల్లో రావడం మంచిది?

డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు. ఫిబ్రవరి, మార్చిలో సముద్రం చాలాసార్లు అద్దంలా ఉంటుంది. మే నెల రెండో సగంలో నైరుతి ఋతుపవనం అందుకుంటుంది, దేశంలో అది ముందు తాకేది ఈ దీవులనే. సెప్టెంబరు దాకా తెరిచిన సముద్రంలో యాత్రలు ఉండవు. గాలి చాటున ఉన్న మడ పాయల్లో మాత్రం వాన తెరిపి ఇచ్చిన రోజుల్లో వెళ్తాం. ఆకుల మీద వాన పడుతుండగా ఆ పాయలో ఉండటం నాకు ఎండకాలం కన్నా ఎక్కువ ఇష్టం. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపాన్లు పుడతాయి. ఆ రెండు నెలల్లో వచ్చేవారు చేతిలో ఒకటి రెండు రోజులు అదనంగా పెట్టుకోవాలి.

ఒక సంగతి మరవకండి. ఈ దీవులు విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్లు దూరాన, తూర్పు వైపుకు జరిగి ఉన్నా గడియారం మాత్రం మనదే. అందువల్ల ఇక్కడ పెందలాడే తెల్లవారుతుంది. చలికాలంలో సాయంత్రం అయిదున్నరకే చీకటి పడుతుంది. "సాయంత్రం చల్లబడ్డాక ఆరింటికి వెళ్దాం" అనే వీలు లేదు.

కోరింగ మడ అడవులు చూశాం. ఇక్కడ కొత్తగా ఏముంటుంది?

కాకినాడ నుంచి వచ్చేవారు ఇది తప్పక అడుగుతారు. రెండు చోట్లా ఉన్నవి మడచెట్లే. నీరు వేరు. కోరింగకు గోదావరి ఒండ్రు తెస్తుంది, అందుకే అక్కడ నీరు టీ రంగులో ఉంటుంది. అండమాన్‌లో పెద్ద నదులు లేవు. పాయలో చాలాచోట్ల అడుగు కనిపిస్తుంది. చెట్ల ఊతవేళ్లు నీటిలోకి దిగిన చోట చేపపిల్లల గుంపులు కదలడం పడవలో నుంచే చూడవచ్చు. అండమాన్ నికోబార్ దీవులు మొత్తం మీద మడ అడవులు 600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్నాయి.

పాయ మధ్యలోకి చేరాక గైడు అందరినీ తెడ్లు ఒళ్లో పెట్టుకోమంటాడు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడరు. అప్పుడు పడవ అడుగు నుంచి ఒక చప్పుడు వినిపిస్తుంది, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు. మొదటిసారి విన్నవారు పడవ పగులుతోందనుకుంటారు. అవి వేలెడంత కూడా లేని రొయ్యలు. ఒక గోరును టక్కున మూసి నీటిలో బుడగ పుట్టిస్తాయి, ఆ బుడగ చితికిన చప్పుడది. కాయాక్ అడుగు పలక దాన్ని డోలు చర్మంలా మీ కాళ్లకు చేరవేస్తుంది. ఇంజను పడవలో వందసార్లు తిరిగినా ఇది వినబడదు.

వేళ్ల మీద చూడండి. తలమీద రెండు ఉబ్బెత్తు కళ్లతో, ముందు రెక్కలను చేతుల్లా ఊనుకుంటూ ఒక చేప చెట్టెక్కుతూ ఉంటుంది. చర్మం తడిగా ఉన్నంతసేపు నీటి బయట కూడా ఊపిరి పీల్చగలదు. కొమ్మ నుంచి మునక్కాయల్లా వేలాడుతున్నవి కాయలు కావు, మొలకలు. ఈ రకం మడచెట్టు గింజ తల్లిచెట్టు మీదే మొలకెత్తి, జానెడు పైగా పెరిగాక రాలుతుంది. పాటు వేళ రాలితే కింద బురదలో నాటుకుంటుంది, పోటు వేళ రాలితే తేలుతూ ఇంకో ఒడ్డు వెతుక్కుంటుంది. తేలుతున్న మొలక ఒకటి చేతికి తగిలితే చూసి మళ్లీ నీటిలోనే వదలండి, ఇంటికి తీసుకుపోకండి.

నీలి లకుముకి పిట్టలు, తెల్లపొట్ట సముద్రపు గద్ద దాదాపు ప్రతిరోజూ కనిపిస్తాయి. డ్యుగాంగ్ ఈ దీవుల రాష్ట్ర జంతువు, సముద్రపు గడ్డి మేస్తుంది. అది కనిపించడం మహాభాగ్యం, దానికోసం వెతుక్కుంటూ మేము వెళ్లం. కనిపిస్తే తెడ్డు ఆపి దాన్ని దాని దారిన పోనిస్తాం.

రాత్రిపూట నీరు వెలుగుతుందట. ఎప్పుడు రావాలి?

కంటికి కనిపించనంత చిన్న జీవులు నీటిలో ఉంటాయి. కదిలిస్తే వాటిలో రసాయనాలు కలిసి నీలి వెలుగు వస్తుంది. తెడ్డు ముంచి తీస్తే సుడి తిరిగిన చోటల్లా వెలుగు సుడి. తెడ్డు అంచు నుంచి జారే ఒక్కొక్క చుక్కా నీటిని తాకిన చోట మిణుగురులా వెలిగి ఆరిపోతుంది. చేప పారిపోతే గీత గీసినట్టు దారి కనిపిస్తుంది.

వెన్నెల ఉంటే ఇదేమీ కనిపించదు. బహుళ పంచమి, షష్ఠి నుంచి శుద్ధ తదియ వరకు సాయంత్రాలు చీకటిగా ఉంటాయి, ఆ రోజుల్లోనే ఈ యాత్ర. మిగిలిన రోజుల్లో అడిగినా తీసుకువెళ్లం, డబ్బు తీసుకుని వెన్నెల చూపించడం మాకు ఇష్టం లేదు. ఈ యాత్ర తెరిచి ఉన్న ఖాతంలోనే, పాయల్లో కాదు. కారణం పైన మొసళ్ల జవాబులో ఉంది. ఫోటోల మీద ఆశ పెట్టుకోకండి. మామూలు ఫోనుకు ఆ వెలుగు అందదు, కదిలే పడవలో అసలే అందదు.

పిల్లలను, పెద్దవాళ్లను తీసుకురావచ్చా?

ఆరేళ్లు దాటిన పిల్లలు పెద్దవారితో కలిసి ఇద్దరు కూర్చునే పడవలో రావచ్చు. పిల్లల కొలత జాకెట్లు ఉన్నాయి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నవి. అరవై, డెబ్బై ఏళ్లవారు హాయిగా వస్తున్నారు. వయసు కన్నా మోకాళ్లు ముఖ్యం. కింద కూర్చుని లేవగలిగితే చాలు. గుండె జబ్బు, మూర్ఛ, ఇటీవల జరిగిన ఆపరేషన్, గర్భం, ఇవి ఉంటే డాక్టరును అడగండి, మాకూ చెప్పండి. హేవ్‌లాక్‌లో ఉన్నది ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. పెద్ద వైద్యానికి సముద్రం దాటి పోర్ట్ బ్లెయిర్ వెళ్లాలి.

చేతులు బాగా నొప్పి పుడతాయా?

తప్పుగా తెడ్డు వేస్తే పుడతాయి. బలం చేతుల్లోది కాదు, నడుముది. చేతులు కొంచెమే వంచి, తెడ్డు ముంచిన వైపు నుంచి మొండెం తిప్పండి, మజ్జిగ చిలికేటప్పుడు ఒళ్లు తిరిగినట్టు. తెడ్డును పిడికిలి బిగించి పట్టుకోకండి, బొటనవేలి దగ్గర బొబ్బలు వచ్చేది దానివల్లే. మామూలు యాత్ర రెండున్నర గంటలు, మధ్యలో ఆగుతూ వెళ్తాం.

భార్యాభర్తలం ఒకే పడవలో వెళ్లవచ్చా?

తప్పకుండా. వేగం ముందు కూర్చున్నవారిది, దారి వెనుక కూర్చున్నవారిది. వెనుకవారు ముందువారి తెడ్డు చూసి దానితో కలపాలి. ఎవరు వెనుక అన్నది ఇంట్లోనే తేల్చుకుని రండి.

ఏం వేసుకోవాలి? ఏం తేవాలి?

త్వరగా ఆరే నిండు చేతుల చొక్కా, లెగ్గింగ్ లేదా తేలిక ప్యాంటు. జీన్సు, చీర, చున్నీ వద్దు, తడిస్తే బరువై కాళ్లకు చుట్టుకుంటాయి. వెనుక పట్టీ ఉన్న చెప్పులు. గడ్డం కింద తాడున్న టోపీ. కళ్లజోడుకు తాడు. బంగారం గదిలోనే వదలండి, మంగళసూత్రం తీయడం ఇష్టం లేనివారు జాకెట్ లోపలికి వేసుకోండి. ఎండకు రాసుకునే క్రీము కన్నా బట్ట మేలు. కొన్ని క్రీముల్లోని ఆక్సీబెంజోన్ వంటి రసాయనాలు పగడాలకు హాని చేస్తాయని పలావ్ దేశం 2020 నుంచి వాటిని నిషేధించింది. లీటరు మంచినీళ్ల సీసా, మళ్లీ వాడేది, తెచ్చుకోండి.

ఫోను తెచ్చుకోవచ్చా? సిగ్నల్ ఉంటుందా?

నీరు చొరని సంచి ఇస్తాం. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన 2,300 కిలోమీటర్ల ఫైబర్ కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక ఇక్కడ ఇంటర్నెట్ బాగుపడింది. అడవి లోపల మాత్రం సిగ్నల్ ఆశించకండి. గైడు దగ్గర వాకీటాకీ ఉంటుంది. డ్రోన్ తేవద్దు, అనుమతి లేకుండా ఎగరేయడం ఇక్కడ నేరం.

తిండి?

సగంరోజు యాత్రకు అరటిపండ్లు, కొబ్బరి నీళ్లు. పూర్తి రోజుకు పులిహోర, ఉడికించిన గుడ్లు, మాంసం తిననివారికి పులిహోరతోపాటు వేరుశనగలు. ఎండలో ఆరు గంటలైనా పాడవనిది పులిహోర ఒక్కటే అని చాలా ప్రయోగాల తర్వాత తేల్చుకున్నాం.

మరుగుదొడ్డి ఉంటుందా? నెలసరి రోజుల్లో రావచ్చా?

బయలుదేరే చోట ఉంటుంది, దారిలో ఉండదు. ఈ భయంతో చాలామంది ఆడవాళ్లు ఉదయం నుంచి నీళ్లు తాగకుండా వస్తారు. ఎండలో కళ్లు తిరిగేది అందుకే. దయచేసి నీళ్లు తాగండి. రెండున్నర గంటల యాత్రకు ఇబ్బంది రాదు. పూర్తి రోజు యాత్రలో ఎక్కడ ఆగాలో ముందే చూసుకుంటాం. నెలసరి రోజుల్లో నిరభ్యంతరంగా రావచ్చు. రక్తం వాసనకు మొసళ్లు వస్తాయేమోనని అడుగుతారు. మీరు నీటిలోకి దిగరు కాబట్టి ఆ దిగులు అక్కర్లేదు.

గవ్వలు, పగడపు ముక్కలు తెచ్చుకోవచ్చా?

వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, చచ్చిన ముక్కకు కూడా. విమానాశ్రయంలో సామాను తనిఖీలో పట్టుకుంటారు. చట్టం సంగతి పక్కన పెట్టినా ఇక్కడి పగడాలు 1998, 2010, 2016 సంవత్సరాల్లో నీరు వేడెక్కి పాలిపోయాయి. 2004 డిసెంబరు 26 భూకంపానికి ఉత్తర అండమాన్‌లో నేల పైకి లేచి, పగడపు దిబ్బలు నీటి బయటికి తేలి చచ్చాయి. దక్షిణాన నేల కుంగింది. పోర్ట్ బ్లెయిర్ దగ్గర సిప్పీఘాట్‌లో వరి పొలాలు ఉప్పునీటిలో మునిగి అలాగే ఉండిపోయాయి, ఇప్పుడు అక్కడ కొంగలు, పిట్టలు. ఇన్ని దెబ్బలు తిని మిగిలిన పగడం మీద కాలు పెట్టకండి, తెడ్డుతో పొడవకండి.

జనం లేని దీవి మీద గుడారం వేసుకుని రాత్రి ఉండవచ్చా?

లేదు. అనుమతి లేదు, మేము అడగం కూడా. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలవి.

ఉత్తర సెంటినల్ దీవిని దూరం నుంచైనా చూపిస్తారా?

చూపించం. బయటివారితో సంబంధం లేని ఆదిమ తెగ ఉండే ఆ దీవి చుట్టూ 5 నాటికల్ మైళ్లు, అంటే 9 కిలోమీటర్లకు పైగా, ఎవరూ వెళ్లకూడదు. ఆదిమ తెగల రక్షణకు 1956లోనే నిబంధనలు వచ్చాయి. జరావాలనే మరో ఆదిమ తెగ రక్షిత ప్రాంతపు తీరం వైపూ వెళ్లం. ఎంత డబ్బిస్తామన్నా ఈ జవాబు మారదు. మనం మోసుకెళ్లే జలుబు చాలు వారిని చంపడానికి.

ఏమైనా అనుమతి కావాలా?

భారతీయులకు హేవ్‌లాక్, నీల్ దీవులకు రావడానికి ప్రత్యేక అనుమతి అక్కర్లేదు, ఆధార్ వంటి గుర్తింపు కార్డు ఉంటే చాలు. అమెరికా వంటి దేశాల పాస్‌పోర్టు ఉన్న తెలుగువారు మాత్రం టికెట్ కొనే ముందే విదేశీయుల నిబంధనలు చూసుకోవాలి.

కాయాక్, స్కూబా డైవింగ్ రెండూ చేయవచ్చా?

చేయవచ్చు. కాయాక్‌ను చివరి రోజుకు పెట్టుకోండి. డైవింగ్ తర్వాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలి, కాయాక్‌కు ఆ నియమం లేదు.

చివరి నిమిషంలో రద్దు చేస్తే డబ్బు తిరిగి ఇస్తారా?

మేము రద్దు చేస్తే పూర్తిగా ఇస్తాం. గాలి గంటకు 25 కిలోమీటర్లు దాటితే కొత్తవారిని తెరిచిన నీటిలోకి తీసుకువెళ్లం. ఆకాశం నీలంగా, ఎండ కాస్తూ ఉన్నా సరే రద్దు చేస్తాం. "ఇంత బాగుంది కదా" అని కోప్పడతారు. ఒడ్డున నిలబడి చూసినప్పుడు బాగానే ఉంటుంది. దీవి చాటు దాటాకే గాలి తెలుస్తుంది.

కొన్నేళ్ల క్రితం నేను వేరొకరి దగ్గర పనిచేసే రోజుల్లో, అతిథులు బతిమాలితే మా యజమాని సరేనన్నారు. అలాంటి గాలిలో వెళ్లాం. వెళ్లేటప్పుడు ఇరవై నిమిషాలు పట్టిన దూరం తిరిగి రావడానికి రెండు గంటలు పట్టింది. పద్నాలుగేళ్ల అమ్మాయి ఒకతె చేతులు లేవక తెడ్డు ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆమె పడవను తాడుతో కట్టి లాక్కొచ్చాను. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ తర్వాత గాలి విషయంలో ఎవరి మాటా వినడం మానేశాను.

ధర ఎందుకు ఒక్కోచోట ఒక్కోలా ఉంది?

ఎవరి దగ్గరికి వెళ్లినా మూడు సంగతులు అడగండి. ఒక గైడుకు ఎన్ని పడవలు? మా దగ్గర నాలుగుకు మించవు. గైడుకు నీటిలో రక్షణ, ప్రథమ చికిత్సల్లో శిక్షణ ఉందా? ఏదైనా జరిగితే ఇంజను పడవ ఎంతసేపట్లో వస్తుంది? ఈ మూడిటికీ తడుముకోకుండా జవాబు చెప్పినవారి ధరలనే పోల్చి చూసుకోండి.

తెలుగు మాట్లాడే గైడు ఉంటారా?

ఉంటారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు సుమారు 13 శాతం. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసవచ్చిన జాలరి కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. మా గైడుల్లో ముగ్గురు అలాంటి ఇళ్ల పిల్లలే. అమ్మమ్మకో తాతయ్యకో వేరే భాష రాదంటే ముందే చెప్పండి, ఆ పడవ పక్కన వారిలో ఒకరు ఉంటారు.

సరే, ఏ తేదీ ఎంచుకోమంటారు?

మొదటిసారి వస్తున్నారా? ఫిబ్రవరిలో గానీ మార్చిలో గానీ బహుళ అష్టమి వెళ్లిన రెండు మూడు రోజులు. నీటి బలం తక్కువ, సాయంత్రాలు చీకటి, కాబట్టి పగలు మడ అడవి, రాత్రి వెలుగు రెండూ అందుతాయి. కనీసం రెండు రోజులు హేవ్‌లాక్‌లో ఉండేలా చూసుకోండి, ఒకరోజు గాలి అడ్డుపడితే ఇంకో రోజు ఉంటుంది. తేదీ అనుకున్నాక ఎంతమంది, వారిలో ఈత రానివారు ఎందరు, పిల్లల వయసు ఎంత అన్నది రాసి పంపండి. పోటు చూసి గంట చెబుతాం.